కొత్తవారికి ఏ లినక్స్?

లాప్‌టాప్‌లోని తెర, కీబోర్డు, డిస్కు, వైఫై చిప్పు వంటి పరికరాలకూ వాటిని వాడుకునే బ్రౌజర్, వర్డ్ ప్రాసెసర్ వంటి ప్రోగ్రాములకూ మధ్య నిలిచి, ఎవరికి ఎంత మెమరీ ఇవ్వాలో, ఏ పని ముందు జరగాలో నిర్ణయించే సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. దాని సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠాన్ని, ఎవరైనా చదవడానికీ మార్చడానికీ మార్చినదాన్ని పదిమందికీ పంచడానికీ లైసెన్సు ఒప్పుకుంటే అది ఓపెన్ సోర్స్ అవుతుంది. సొంత లాప్‌టాప్‌కు అటువంటిదాన్ని వెతుక్కునేవారికి దాదాపు ఎప్పుడూ ఎదురయ్యే పేరు లినక్స్. అయితే లినక్స్ అనేది ఇంటిపేరు వంటిది. ఆ ఇంటిపేరుతో వందల మంది ఉన్నారు, వారిలో ఎవరిని లోపలికి పిలవాలో తేల్చుకోలేకనే కొత్తవారు వాకిట్లో ఆగిపోతారు.

ఇంతమంది ఎలా పుట్టారో తెలిస్తే భయం సగం తగ్గుతుంది. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసింది కెర్నెల్ మాత్రమే, అంటే హార్డ్‌వేర్‌తో నేరుగా వ్యవహరించే లోపలి భాగం. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లనూ, తెరపై కిటికీలూ మెనూలూ చూపే డెస్క్‌టాప్‌నూ, మరెన్నో ప్రోగ్రాములనూ ఆ కెర్నెల్‌కు జతచేసి, నేరుగా ఎక్కించుకోదగిన ఒక మూటగా కట్టే పనిని వేరువేరు బృందాలు చేపట్టాయి. ఆ మూటనే డిస్ట్రిబ్యూషన్ అని, వాడుకలో డిస్ట్రో అని పిలుస్తారు. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్, దానిని ఆధారం చేసుకుని 2004లో మార్క్ షటిల్‌వర్త్ స్థాపించిన కెనానికల్ సంస్థ తెచ్చిన ఉబుంటు, ఉబుంటు పునాదిపై 2006లో క్లెమెంట్ లెఫెబ్వ్ర్ ప్రారంభించిన లినక్స్ మింట్ ఒకే వంశంలోని మూడు తరాలు. ఈ మూడింటిలోనూ ప్రోగ్రాములు ఎక్కించే పద్ధతి ఒకటే కావడంతో, ఒకదానిలో నేర్చుకున్నది రెండోదానిలో వృథా పోదు. ఏది ఎంచుకున్నా జీవితాంతం దానికే కట్టుబడాల్సి వస్తుందన్న బెంగకు ఇక్కడ చోటులేదు.

‘కొత్తవారికి తేలికైనది ఏది’ అని అడిగితే సాధారణంగా జవాబుగా పేర్ల జాబితా వస్తుంది. ఆ జాబితాలో తప్పేమీ ఉండదు గానీ, తేలికదనం అనేది సిస్టమ్‌లో ఇమిడి ఉన్న గుణం కాదు. ఆ లాప్‌టాప్‌లో ఉన్న చిప్పులు ఏవి, వాడేవారి వేళ్లకు ఉన్న అలవాట్లు ఏవి, రోజూ తప్పనిసరిగా జరగవలసిన పని ఏది అన్న మూడింటిని బట్టి అది మారుతూ ఉంటుంది. ఒకరికి అరగంటలో కుదిరిన డిస్ట్రో, పక్కింటివారి లాప్‌టాప్‌లో వైఫైని గుర్తించక వారం రోజులు ఏడిపించవచ్చు. అందువల్ల ఇక్కడ ఒక పేరును సూచించినా, దాన్ని పరీక్షించే పద్ధతికే ఎక్కువ చోటు ఇవ్వవలసి ఉంటుంది.

సూచించదగిన పేరు లినక్స్ మింట్, అందులోనూ సినమన్ అనే డెస్క్‌టాప్‌తో వచ్చే కూర్పు. దీనికి మొదటి కారణం నిలకడ. ఉబుంటు కూర్పులకు విడుదలైన సంవత్సరమూ నెలా కలిపి సంఖ్యగా పెడతారు, 24.04 అంటే 2024 ఏప్రిల్. రెండేళ్లకొకసారి ఏప్రిల్‌లో వచ్చే కూర్పును ఎల్‌టీఎస్, అంటే దీర్ఘకాలిక మద్దతు గలది, అని గుర్తించి అయిదేళ్లపాటు భద్రతా సవరణలు అందిస్తారు. ప్రధాన మింట్ ఈ ఎల్‌టీఎస్ పునాదుల మీదనే నిలబడుతుంది, 24.04పై ఆధారపడిన మింట్ 22 శ్రేణికి 2029 వరకు మద్దతు ఉంది. ఫెడోరా వంటివి సుమారు ఆరు నెలలకొక కొత్త కూర్పు తెచ్చి, ఒక్కొక్కదానిని దాదాపు పదమూడు నెలలు మాత్రమే చూసుకుంటాయి. అవి తక్కువవేమీ కావు, కానీ ఇంకా సెట్టింగులు ఎక్కడున్నాయో వెతుక్కునే దశలో ఉన్నవారికి ఏడాది దాటగానే ఇల్లు మారమనడం న్యాయం కాదు. రెండో కారణం చేతి అలవాటు. ఏళ్ల తరబడి విండోస్ వాడినవారి చూపు మెనూ కోసం ఎడమ కింది మూలకూ, గడియారం కోసం కుడి కింది మూలకూ తనంతట తాను వెళుతుంది. సినమన్‌లో అవి అక్కడే ఉంటాయి. ఉబుంటులో కనిపించే గ్నోమ్ అనే డెస్క్‌టాప్ అమరిక వేరు, ఫోను వాడకం మాత్రమే తెలిసిన పిల్లలకు అదే తేలికగా తోచినా ఆశ్చర్యం లేదు.

పాత లాప్‌టాప్‌ల సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇటీవల ఈ ప్రశ్న అడిగేవారిలో చాలామందిని ఇటు నెట్టింది అదే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 మాత్రం టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పునూ, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్‌నూ కోరుతుంది. దాంతో కీబోర్డు, తెర, బ్యాటరీ అన్నీ బాగున్న లాప్‌టాప్‌లు కూడా అర్హత లేనివిగా మిగిలాయి. మింట్ తన కనీస అవసరం 2 జీబీ ర్యామ్ అని, సౌకర్యంగా వాడాలంటే 4 జీబీ అని చెబుతుంది. ఈ అంకెలను కొంత అనుమానంతోనే చదవాలి: సిస్టమ్ తేలికైనదే కావచ్చు గానీ, దానిలో తెరిచే బ్రౌజర్ తేలికైనది కాదు, పది ట్యాబులు తెరిస్తే 4 జీబీ ఆవిరైపోతుంది. ర్యామ్ తక్కువగా ఉన్నచోట ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మరింత తేలికైన డెస్క్‌టాప్ గల మింట్ కూర్పు కొంత మేలు చేస్తుంది. గిర్రున తిరిగే పాత హార్డ్‌డిస్కును తీసి ఎస్‌ఎస్‌డీ వేయిస్తే కలిగే మేలు మాత్రం ఏ డిస్ట్రో మార్పిడితోనూ రాదు. మెకానిక్‌కు చెల్లించే ఆ డబ్బు దండగ కాదు.

ఇక పరీక్ష. అద్దె ఇంటికి అడ్వాన్సు ఇచ్చే ముందు కుళాయి తిప్పి చూసే అవకాశం ఉన్నట్టే, లినక్స్‌లో లైవ్ సెషన్ అనే సదుపాయం ఉంది: సిస్టమ్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, లోపలి డిస్కును తాకకుండా వాడి చూడవచ్చు. ఇందుకు ఐఎస్‌ఓ అనే ఒకే పెద్ద ఫైలును డౌన్‌లోడ్ చేసుకుని, రూఫస్ వంటి ప్రోగ్రాముతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌పై రాస్తారు. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నదంతా చెరిగిపోతుంది. రాయడానికి ముందు చెక్‌సమ్ సరిచూడాలి. ఫైలులోని ప్రతి బిట్టునూ లెక్కలోకి తీసుకుని తేల్చే పొడవాటి సంఖ్యను చెక్‌సమ్ అంటారు. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య మొత్తం మారిపోతుంది. ఇది చాదస్తం కాదని 2016 ఫిబ్రవరిలో రుజువైంది, అప్పుడు మింట్ వెబ్‌సైటులోకి చొరబడినవారు మింట్ 17.3 సినమన్ డౌన్‌లోడ్ లంకెను దొంగదారి అమర్చిన ఐఎస్‌ఓ వైపు మళ్లించారు. ప్రాజెక్టు వారు ఆ సంగతిని దాచకుండా వెంటనే ప్రకటించారు. సరైన చెక్‌సమ్‌లనూ ప్రచురించారు, వాటితో పోల్చి చూసుకున్నవారు తేడాను పట్టుకోగలిగారు.

పెన్‌డ్రైవ్ పెట్టి లాప్‌టాప్ ఆన్ చేస్తూనే కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9 లేదా ఎస్కేప్ మీట నొక్కితే ఎక్కడినుంచి మొదలుపెట్టాలో అడిగే జాబితా వస్తుంది. లైవ్ సెషన్ తెరుచుకున్న తరువాత వాల్‌పేపర్లు చూస్తూ కూర్చోవడం వల్ల ప్రయోజనం లేదు. ముందు వైఫై దొరుకుతున్నదో లేదో, తరువాత స్పీకర్లోంచీ హెడ్‌ఫోన్లోంచీ శబ్దం వస్తున్నదో లేదో, వెలుగును పెంచి తగ్గించే మీటలు పనిచేస్తున్నాయో లేదో, కెమెరా వెలుగుతున్నదో లేదో చూడాలి. అన్నింటికంటే ముఖ్యమైన పరీక్ష మూత మూయడం: మూత మూసి, పది నిమిషాలు ఆగి తెరిచినప్పుడు తెర మళ్లీ వెలిగి, వైఫై తనంతట తాను కలిస్తే ఆ లాప్‌టాప్‌తో సఖ్యత కుదిరినట్టే, నల్లటి తెర దగ్గరే ఆగిపోతే, రోజుకు నాలుగుసార్లు మూత మూసే మనిషికి అదే డిస్ట్రో నరకం. ఎన్‌విడియా గ్రాఫిక్స్ చిప్పు ఉన్నప్పుడు ఈ ఒక్క పరీక్ష మీదనే తీర్పు చెప్పకూడదు, ఎందుకంటే దానికి తగిన డ్రైవరును, అంటే ఆ చిప్పును నడిపే చిన్న ప్రోగ్రామును, ఇన్‌స్టాల్ చేసిన తరువాత డ్రైవర్ మేనేజర్ నుంచి ఎక్కించవలసి ఉంటుంది.

తెలుగు రాసేవారికి మరొక పరీక్ష ఉంది. కీబోర్డు సెట్టింగులలో తెలుగును చేర్చితే వచ్చేది భారత ప్రభుత్వం ప్రామాణికంగా నిర్ణయించిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక. అందులో ఎల్ మీట ‘త’, డి మీట పొల్లు, జె మీట ‘ర’, స్లాష్ మీట ‘య’. ‘స్వాతంత్ర్యం’ అన్న మాటలోని ‘త్ర్య’ కోసం ఎల్, డి, జె, డి, స్లాష్ వరుసగా నొక్కినప్పుడు, తకారం కింద రెండు వత్తులూ ఒదిగి కూర్చోవాలి. చుక్కల వలయం కనిపించినా, పొల్లు విడిగా తేలినా ఫాంటులో గానీ ప్రోగ్రాములో గానీ లోపం ఉన్నట్టు. పత్రికల్లో, డీటీపీ కేంద్రాల్లో ఆపిల్ అమరికకు అలవాటుపడినవారికి ఐబస్ అనే టైపింగ్ సదుపాయం ద్వారా అది కూడా దొరుకుతుంది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన మొదలుకొని సిలికానాంధ్ర సంస్థ చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సూరన్న వరకు స్వేచ్ఛగా వాడుకోదగిన తెలుగు ఫాంట్లకు ఇప్పుడు కొదవ లేదు. మెనూలు సైతం తెలుగులో ఉండాలని కోరేవారి కోసం హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ ఒక తెలుగు సిస్టమ్‌నే తయారుచేసింది. ప్రభుత్వ సంస్థ సీ-డాక్ రూపొందించిన బాస్ అనే సిస్టమ్ కూడా భారతీయ భాషలను దృష్టిలో పెట్టుకున్నదే. ఆ కృషి గౌరవించదగినదే అయినా, మొదటి నెలల్లో మెనూలను ఇంగ్లీషులో ఉంచుకోవడమే సుఖం. చిక్కు వచ్చినప్పుడు దొరికే సలహాలు ఎక్కువగా ఇంగ్లీషు పేర్లతోనే ఉంటాయి, ఎవరైనా ఫోనులో దారి చెప్పాలన్నా ఇద్దరి తెర మీదా ఒకే మాట ఉండాలి.

ఫోనులో దారి చెప్పే ఆ మనిషి ఎవరన్నది కూడా ఎంపికలో భాగమే. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో లక్షలాది మంది పిల్లలు ఉబుంటు ఆధారంగా తయారైన సిస్టమ్‌తో చదువుకుంటున్నారంటే, వారు ప్రత్యేకమైన సాంకేతిక ప్రతిభతో పుట్టినందువల్ల కాదు. తరగతిలో శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉన్నందువల్ల. ఇంట్లో మేనల్లుడో, ఆఫీసులో పక్క సీటులోని మిత్రుడో ఇప్పటికే ఫెడోరా వాడుతూ ఓపికగా సాయం చేయగల మనిషైతే, పైన మింట్ గురించి చెప్పిన మంచిమాటలన్నీ పక్కనపెట్టి ఫెడోరానే ఎక్కించుకోవడం ఉత్తమం.

అన్నీ కుదిరినా రానివి కొన్ని ఉంటాయి. ఉత్తరాలకూ లెక్కల పట్టికలకూ లిబ్రేఆఫీస్ సరిపోతుంది. టాలీ, ఫొటోషాప్, పేజ్‌మేకర్ మాత్రం లినక్స్ కోసం తయారు కాలేదు. తెలుగు ముద్రణ రంగంలో ఉన్నవారికి అంతకంటే లోతైన ముడి అను ఫాంట్లది: అవి ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్యను కేటాయించే యూనికోడ్ కంటే ముందటి పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లోనే తెలుగు ముక్కలను అమర్చుకున్నవి కాబట్టి, ఆ ఫాంటు లేనిచోట ఫైలు తెరిస్తే కనిపించేది అర్థంలేని గుర్తుల వరుస. యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నా, మార్చినదాన్ని పంక్తి పంక్తీ చదివి సరిచూడకుండా అచ్చుకు పంపలేరు. ఇరవై ఏళ్ల పుస్తకాలు అను ఫైళ్లలో దాచుకున్న ప్రచురణకర్తకు విండోస్‌ను పూర్తిగా తుడిచేయమని చెప్పడం బాధ్యతారాహిత్యం.

అటువంటివారికి డ్యూయల్ బూట్ ఉంది, అంటే ఒకే డిస్కును విభజించి రెండు సిస్టమ్‌లనూ ఉంచుకోవడం. దానికి ముందు ఫైళ్లన్నిటికీ బయటి డిస్కులో నకలు తీసుకోవాలి. విండోస్ డిస్కును బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసి పెట్టుకోవాలి. షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగిపోకుండా డిస్కును పట్టుకుని ఉండేలా చేసే ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగును ఆపివేయాలి. లినక్స్‌కు కావలసిన చోటును విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ నుంచే ఖాళీ చేయాలి. ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నల్లో డిస్కు మొత్తాన్ని చెరిపే వరుసా, విండోస్ పక్కన చేరే వరుసా ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. ఆ ఒక్క తెర దగ్గర టీ పక్కన పెట్టి రెండుసార్లు చదవడం అవసరం. పని పూర్తయి లాప్‌టాప్ మళ్లీ మొదలైనప్పుడు గ్రబ్ అనే నల్లటి మెనూలో రెండు పేర్లూ కనిపిస్తాయి, బాణం మీటతో ఏదో ఒకటి ఎంచుకోవడానికి కొన్ని క్షణాల గడువు ఉంటుంది, ఏమీ నొక్కకపోతే మింట్ తెరుచుకుంటుంది.