గంటం గీత, సూది గీత

మధ్యయుగాల చిత్రిత ప్రతుల ప్రభావం అనగానే మన కళావిమర్శ బంగారు పూత దగ్గరే ఆగిపోతుంది. గులాం మొహమ్మద్ షేక్ ‘మాపాముండి’ చిత్రాలు అందుకు తగిన ఉదాహరణే. వాటి వెనక 13వ శతాబ్దపు ఎబ్‌స్టార్ఫ్ ప్రపంచపటం ఉంది. అసలు పటం 1943 బాంబు దాడిలో కాలిపోయింది. షేక్‌కి దొరికింది దాని పోస్ట్‌కార్డు. అంత చిన్న కాగితం నుంచి అన్ని లోకాలు తీశాడాయన!

మరి మన దగ్గర? సాలార్‌జంగ్ మ్యూజియంలో కులీ కుతుబ్ షా కుల్లియాత్ ఉంది, బంగారంతో, బొమ్మలతో. కానీ అది దర్బారు పుస్తకం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఊళ్ళలో పుస్తకమంటే తాటాకుల కట్ట. రెండువేళ్ళ వెడల్పు ఆకు మీద రంగుకి చోటెక్కడిది? రంగు గుడికి వెళ్ళింది. సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో, కాకతీయుల నాటి క్షీరసాగర మథనం ఇంకా మసకగా కనిపిస్తుంది. ఆకుకి మిగిలింది గీత.

అందుకే నాకు కె. లక్ష్మాగౌడ్ ఎచింగులు చూస్తే తాటాకే గుర్తొస్తుంది. గంటంతో ఆకుని గీరి, మసి పూసి తుడిస్తే నలుపు గాట్లలోనే నిలుస్తుంది. ఎచింగులో సూదితో గీస్తారు, ఆమ్లం రాగిరేకుని కొరుకుతుంది, సిరా రుద్ది తుడుస్తారు. పని దాదాపు ఒకటే, కాకపోతే రేకు మీది బొమ్మ కాగితం మీద తిరగబడి అచ్చవుతుంది. ఆయన మేకల వెంట్రుకలు, చెట్ల వేళ్ళు, ఒళ్ళు మరిచిన ఆడామగా అన్నీ వంపు తిరిగే గీతలే. తెలుగు అక్షరాల గుండ్రదనానికి కూడా ఆకు చిరగకూడదన్న జాగ్రత్తే కారణమంటారు కదా.

ఆయన తాళపత్రాలు చూసి నేర్చుకున్నాడని నా వాదన కాదు. ఎచింగు ఆయన బరోడాలో చదువుకున్న విద్య. నా పేచీ ‘జానపదం’ అన్న ముద్రతో. నిజాంపూర్‌లో పుట్టాడు, మేకల్ని గీశాడు, కాబట్టి పల్లె జ్ఞాపకాల చిత్రకారుడు అని తేల్చేస్తాం. షేక్‌కి గ్రంథాలయం, గౌడ్‌కి పశువులపాకా? ఆ గీతలో చదువుంది, రాతపనివాడి ఓపిక ఉంది. దాన్ని అమాయకత్వం అనడం విమర్శకుడి బద్ధకం.

తోట వైకుంఠం విషయంలో మాత్రం ఈ వాదన నడవదు. ఆయన బలం రంగు. ఆ ఎరుపుని చేర్యాల పటాల పక్కన పెట్టి చూడాలి, అది వేరే వ్యాసం.