పంపినవారి పేరు

తెలుగులో రాసే ముస్లిం రచయితలం, రాయకపోయినా అవి వదలకుండా చదివేవాళ్లం కొందరం కలిసి ఒక లింకుల ఫీడ్ నడుపుకుంటున్నాం. ఎవరు కొత్తగా ఏం రాసినా, ఎక్కడ ఏ మంచి వ్యాసం కంటపడినా లింకు అందులో పడుతుంది. కథలు, ఇంటర్వ్యూలు, వక్ఫ్ భూముల వార్తలు, షాదీఖానా గొడవలు, హలీం సీజన్‌లో పాతబస్తీ ఫొటోలు, అన్నీ. ఫజర్ నమాజు అయ్యాక వచ్చినవన్నీ చూసి, ఉంచాల్సినవి ఉంచి, ఒకటి రెండు వాక్యాల పరిచయం రాసి వదలడం నా వంతు. జీతంలేని నౌకరీయే గానీ చేయగా చేయగా దాని మీద మమకారం పుట్టింది. ఈ వారం ఆ ముచ్చటే.

లింకు పంపడం ఏం పెద్ద విద్య, వేలు ఆనిస్తే పోతుంది అంటారు. పోతుంది, నిజమే. అది మన దాకా ఎట్లా వచ్చిందో చెప్పగలగడం మాత్రం విద్యే.

మాకు వచ్చేవాటిలో చాలా భాగం అసలు లింకులే కావు, పేపర్ కటింగుల ఫొటోలు. మొన్న ఒకటి వచ్చింది. ఎర్ర అక్షరాల హెడ్డింగు, కింద రెండున్నర కాలాల వార్త. మూడో కాలం సగానికి తెగిపోయింది. తేదీ లేదు, పేపర్ పేరు లేదు, జిల్లా ఎడిషన్ పేరు ఉండాల్సిన మూల ఎవరిదో బొటనవేలు. పంపిన పెద్దాయనకు ఫోన్ చేశాను.

"ఇది ఎక్కడిది చాచా?"

"ఎవరో పెట్టారు బేటా. మనవాళ్ల గ్రూపులోదే."

"ఏ గ్రూపు?"

"మసీదు గ్రూపు. ఆగాగు, అది కాదు, మీ చాచీ తమ్ముడి గ్రూపు అనుకుంటా. ఎందుకురా, వార్త నిజమే కదా?"

నిజమే కావచ్చు. ఏ సంవత్సరం నిజమో తెలియాలి కదా. మా చాచా రిటైరైన టీచరు. పిల్లలు పరీక్షలో తేదీ రాయకపోతే మార్కులు కోసిన మనిషి. చేతిలోకి ఫోన్ వచ్చేసరికి ఆ కచ్చితత్వం ఎటు పోయిందో!

ఉర్దూ కటింగులతో ఇంకో తంటా. నస్తాలీఖ్ లిపిలో కంపోజ్ చేసిన పేజీలను చాలాకాలం పత్రికలు బొమ్మలుగానే నెట్‌లో పెట్టాయి. బొమ్మలోని అక్షరాన్ని వెతకడం కుదరదు. పైగా కోస్తా జిల్లాల్లో, ముఖ్యంగా దూదేకుల ఇళ్లల్లో, ఉర్దూ లిపి చదవగలిగేవాళ్లు తక్కువ. అందుకని ఉర్దూ లింకు పెడితే కింద తెలుగులో సారాంశం రాయక తప్పదు. అది రాయడానికి కూర్చున్నప్పుడే సగం పుకార్లు చేతికి చిక్కుతాయి. "ఎవరు అన్నారు, ఎప్పుడు అన్నారు" అని వాక్యం కట్టబోతే కర్త దొరకడు.

వింతేమిటంటే, ఈ ప్రశ్న అడగడంలో మనవాళ్లకు పన్నెండు వందల ఏళ్ల అనుభవం ఉంది. సహీ బుఖారీ తెరవండి. ప్రవక్త మాటలను పోగుచేసిన ఆ గ్రంథంలో మొట్టమొదటి హదీసు పనులన్నీ సంకల్పాన్ని బట్టే అనే సంగతి గురించి. అయితే ఆ సంగతి దాకా వెళ్లేముందు ఆరు పేర్లు దాటాలి. బుఖారీకి చెప్పింది హుమైదీ, ఆయనకు సుఫియాన్, ఆయనకు యహ్యా బిన్ సయీద్, ఆయనకు ముహమ్మద్ బిన్ ఇబ్రాహీం, ఆయనకు అల్ఖమా, అల్ఖమా విన్నది మింబర్ మీద నిలబడిన హజ్రత్ ఉమర్ నోట. ఈ వరసనే సనద్ అంటారు. మాట ఎంత గొప్పదైనా సనద్ లేకపోతే పండితుడు చేయి చాచడు. ఆరు లక్షల రివాయతులు జల్లించి బుఖారీ ఉంచుకున్నవి ఏడువేల చిల్లర అని చెప్పుకుంటారు. మళ్లీ మళ్లీ వచ్చినవి తీసేస్తే ఇంకా తక్కువ. ఫీడ్ నడిపేవాడికి ఇంతకు మించిన ఉస్తాద్ ఎవరు?

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది తద్లీస్. అబద్ధం చెప్పకుండానే మధ్య మనిషిని మాయం చేసే పద్ధతి అది. ఒకాయన ఒక మాటను బలహీనుడైన రావీ, అంటే మాటను చేరవేసినవాడి దగ్గర విన్నాడు. ఆ పేరు చెప్తే జనం ముఖం చిట్లిస్తారు. అందుకని పేరు ఎగరగొట్టి, ఆ పైనున్న పెద్దాయనను పట్టుకుని "ఫలానావారి నుంచి" అంటాడు. నేను స్వయంగా విన్నాను అనడు, వినలేదనీ అనడు. బస్రా పండితుడు షూబా దీన్ని అబద్ధానికి తోబుట్టువుగా లెక్కగట్టాడు. అట్లాగని తద్లీస్ చేసినవాళ్లంతా దొంగలేం కారు. ఆమష్, సుఫియాన్ సౌరీ వంటి మహా పండితుల మీద కూడా ఆ మాట ఉంది. అందుకే ఇబ్న్ హజర్ అస్ఖలానీ అలాంటివాళ్లను అయిదు తరగతులుగా విడగొట్టి, ఎవరి విషయంలో ఎంతవరకు సర్దుకుపోవచ్చో రాసిపెట్టాడు.

మా ఫీడ్‌లో తద్లీస్ రోజూ జరుగుతుంది. కరీంనగర్ వైపు నుంచి ఒకమ్మాయి రాత్రంతా కూర్చుని ఒక పాత ఇంటర్వ్యూను వెతికి పట్టుకుని, దాని విలువేంటో నాలుగు ముక్కల్లో రాసి తన పేజీలో పెడుతుంది. తెల్లారేసరికి ఇద్దరు పెద్దమనుషులు అసలు ఇంటర్వ్యూ లింకును నేరుగా ఫీడ్‌లో పడేస్తారు, తామే తవ్వి తీసినట్టు. అబద్ధమాడారా? లేదు. ఆ పిల్ల కష్టం మాత్రం లెక్కలోంచి పోయింది. ఇందులో మర్యాద సంగతి ఒకటైతే, రేపు ఆ ఇంటర్వ్యూ నకిలీదని తేలితే వెనక్కి వెళ్లి అడగాల్సిన గుమ్మం కూడా ఆ పేరుతోనే పోయింది.

ఈ రావీల మంచిచెడ్డలు నమోదు చేసిన మహాగ్రంథాలు చాలావరకు లోకానికి అచ్చులో అందింది మన హైదరాబాద్ నుంచేనని మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ ఇప్పటికీ ఉస్మానియా యూనివర్సిటీ ఆవరణలోనే ఉంది. ఎవరు నమ్మదగినవాడు, ఎవరికి ముసలితనంలో మతిమరుపు వచ్చింది, ఎవరు కల్పించి చెప్పాడు అని వేలమంది గురించి ఇబ్న్ హజర్ రాసిన తహ్జీబుత్ తహ్జీబ్‌ను పన్నెండు సంపుటాల్లో వేసింది వాళ్లే. బుఖారీ తారీఖుల్ కబీర్‌ను, ఇబ్న్ అబీ హాతిం అల్ జర్హ్ వత్ తాదీల్‌నూ వేశారు. యెమెన్ నుంచి వచ్చిన అబ్దుర్రహ్మాన్ ముఅల్లిమీ అనే పండితుడు రెండు దశాబ్దాలకు పైగా ఇక్కడే ఉండి రాతప్రతులను పక్కపక్కన పెట్టుకుని పరిష్కరించాడు. ప్రపంచంలో ఎక్కడ హదీసు చదువుకునే విద్యార్థి అయినా ఈ ముద్రణల రుణం తీర్చుకోలేనివాడే. అలాంటి ఊరివాళ్లం మనం, బొటనవేలు అడ్డం పెట్టిన ఫొటోను నమ్మి వంద గ్రూపులకు పంపుతున్నాం.

పుకారు ఎంత కొరుకుతుందో తెలియనివాళ్లమా అంటే అదీ కాదు. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో కూడినవాళ్లకు కరోనా సోకిందన్న వార్త వచ్చాక కూరగాయల బండి తోసుకునే సాయబుల దాకా ఆ సెగ తగిలింది. అప్పుడు తిరిగిన వీడియోల్లో ఒకటి పళ్లేలు, చెంచాలు నాకుతున్న మనుషులది. కరోనా అంటించడానికేనని ప్రచారం. అన్నం మెతుకు వృథా కాకూడదని బోహ్రా ముస్లింలు పాటించే అలవాటు అది. ఆ వీడియో 2018 నుంచే నెట్‌లో ఉంది. 2017లో మొదలైన ఆల్ట్ న్యూస్ వంటివాళ్లు ఆ సంగతి విప్పి చెప్పేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. వాట్సాప్ 2018లో మన దేశంలో ఫార్వర్డులను అయిదు చాట్లకు కుదించింది. 2020 ఏప్రిల్‌లో, ఎక్కువసార్లు తిరిగిన మెసేజీని ఒక్క చాట్‌కే పంపేట్టు చేసింది. అలాంటి మెసేజీ మీద కనిపించే రెండు బాణాల గుర్తు అది చాలా చేతులు మారిందని చెప్తుంది, ఏ చేతులో చెప్పదు.

మనకు కీడు చేసే అబద్ధాన్ని ఆపడం తేలిక. ఒంటికి తగులుతుంది కాబట్టి వెంటనే రోషం వస్తుంది. మనకు నచ్చే అబద్ధంతోనే చిక్కు. చంద్రుడి మీద నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అజాన్ విన్నాడు, భూమికి వచ్చి కలిమా చదివి ముస్లిం అయ్యాడు అన్న కథ ఈజిప్ట్, ఇండోనేషియా, మలేషియాల్లో ఎంతగా పాకిందంటే, 1983లో అమెరికా విదేశాంగ శాఖ తన రాయబార కార్యాలయాలకు ఖండన పంపాల్సి వచ్చింది. ఆర్మ్‌స్ట్రాంగ్ 2012లో పోయాడు గానీ కథ పోలేదు. రంజాన్‌లో ఒక్కసారైనా మా తలుపు తడుతుంది. తీసేస్తే అలకలు. "దీన్‌కు మంచిదేగా భాయ్, ఉంటే నష్టమేంటి?" అని ఒకరు నిలదీశారు. దీన్‌కు ఆర్మ్‌స్ట్రాంగ్ సాక్ష్యం కావాలా సాబ్ అన్నాను. కొన్నాళ్లు సలాం కూడా అందలేదు.

ఇదంతా యంత్రానికి అప్పజెప్పవచ్చు కదా అంటారు కుర్రాళ్లు. 2006 నాటి కూడలి అనే సైటు తెలుగు బ్లాగులన్నిటినీ అట్లాగే ఒకచోట పోగుచేసి పెట్టింది. దాని పుణ్యాన చదువరులైనవాళ్లలో నేనూ ఒకణ్ని. కానీ కూడలి పని చేర్చడం వరకే. ఏరడానికి మనిషి కావాలి, తిట్లు తినడానికి కూడా.

ఒక్కచోట మాత్రం పాత పండితుల పద్ధతి మాకు సరిపోదు. లింకులు పంపే ఆడవాళ్లలో కొందరు తమ పేరు వేయొద్దంటారు. ఖులా (భార్య కోరే విడాకులు) గురించో, పుట్టింటి ఆస్తిలో వాటా గురించో ఒక వ్యాసం పంపినట్టు తెలిస్తే ఇంట్లో రాద్ధాంతం. వాళ్ల పేర్లు నా దగ్గరే ఉంటాయి, ఫీడ్‌లోకి ఎక్కవు. సనద్ తెగిందని ఎవరన్నా అంటే అననీయండి. పేరు దాచడానికీ పేరు మింగడానికీ తేడా తెలిసినవాళ్లు అనరు.

కాబట్టి మిత్రులకు నా విన్నపం. ఈసారి ఏదన్నా పంపేముందు అది మీకు ఎవరు పంపారో ఒక్క ముక్క రాయండి. గుర్తు లేకపోతే గుర్తు లేదనే రాయండి, దాన్నిబట్టి కూడా నాకు కొంత తెలుస్తుంది. కటింగ్ ఫొటో తీస్తే తేదీ, పేపర్ పేరు పడేట్టు తీయండి. పేరు బయటికి రావద్దనుకుంటే నాకొక్కడికే చెప్పండి చాలు. ఎక్కడిదో ఎవరికీ తెలియనిదాన్ని, అది ఎంత మంచి మాటైనా సరే, మేం ఫీడ్‌లో పెట్టడం లేదు.