సొంత సంగీత భాండారంలో తెలుగు పాట: మెటాడేటా నిర్మాణంపై ఒక విమర్శ

నెలసరి చందా కట్టి పాటలు వినడం అలవాటైన కాలంలో, కొందరు శ్రోతలు తమ సేకరణను ఇంటి కంప్యూటరులోనే భద్రపరచుకొని, నావిడ్రోమ్, జెల్లీఫిన్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ల సాయంతో ఎక్కడినుంచైనా వింటున్నారు. చందా సేవలో హక్కుల ఒప్పందం ముగిస్తే పాట చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. సొంత సర్వరులో ఆ భయం లేదు. ఈ వాదన సరైనదే. అయితే చర్చ సాధారణంగా యాజమాన్యం దగ్గరే ఆగిపోతున్నది. పాట మన దగ్గర ఉండడం వేరు, వెతికినప్పుడు దొరకడం వేరు, దాని ద్వారా మరొక పాట పరిచయం కావడం ఇంకా వేరు. చివరి రెండూ ఫైలులో పొందుపరచిన మెటాడేటాపై ఆధారపడినవి. ఆ మెటాడేటా నిర్మాణం తెలుగు పాటను ఏ విధంగా అర్థం చేసుకుంటున్నదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

1996లో ఎరిక్ కెంప్ రూపొందించిన ఐడీ3 తొలి రూపం ఎంపీ3 ఫైలు చివర 128 బైట్ల జాగా మాత్రమే. అందులో గుర్తింపు అక్షరాలకు 3 బైట్లు, పాట పేరు, కళాకారుడు, ఆల్బం, వ్యాఖ్య అనే నాలుగింటికి తలా 30, సంవత్సరానికి 4 పోగా, సంగీతరీతికి మిగిలినది ఒకే ఒక్క బైటు. ఆ బైటులోని అంకె ముందే నిర్ణయించిన 80 రీతుల పట్టికలో ఒకదానిని సూచిస్తుంది. పట్టికలో పోల్కా ఉన్నది, కర్ణాటక సంగీతం లేదు. (పోల్కాపై ఈ వ్యాసకర్తకు ఫిర్యాదేమీ లేదు.) 1998 నాటి రెండవ రూపం స్వరకర్తకూ గీతరచయితకూ వేర్వేరు స్థానాలు కల్పించింది, యూనికోడ్ లిపులను అనుమతించింది. అయినప్పటికీ నేటి సర్వర్ల ముఖపత్రం ప్రధానంగా ‘కళాకారుడు’, ‘ఆల్బం’ అనే రెండు స్తంభాల మీదనే నిలబడి ఉన్నది. పాశ్చాత్య పాప్ సంగీతానికి ఆ రెండూ చాలవచ్చు.

మన సంప్రదాయంలో వాక్కునూ గేయాన్నీ తానే కూర్చినవాడు వాగ్గేయకారుడు. 13వ శతాబ్దపు ‘సంగీత రత్నాకరం’లో శార్ఙ్గదేవుడు మాతువు, ధాతువు అని పేర్కొన్న రెండూ అతనివే. త్యాగరాజ కృతి విషయంలో స్వరకర్త, రచయిత స్థానాలు రెండింటిలోనూ ఒకే పేరు రాస్తే సరిపోతుంది. చిక్కు అన్నమాచార్యులతో మొదలవుతుంది. తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన రాగిరేకులు సాహిత్యాన్నీ రాగం పేరునూ ఇచ్చాయి గాని స్వరరచనను ఇవ్వలేదు. నేడు మనం వింటున్న బాణీలలో అత్యధికం 20వ శతాబ్దపు విద్వాంసుల కల్పనలు. ‘నానాటి బతుకు’ రేవతి రాగంలో ప్రసిద్ధం కావడం నేదునూరి కృష్ణమూర్తి కూర్పు వల్లనే. స్వరకర్త స్థానంలో అన్నమాచార్యుల పేరు పెట్టగానే నేదునూరి సేకరణ నుండి అదృశ్యమవుతారు. శ్రోత అయిదు వందల ఏళ్లనాటి రాగకల్పనను వింటున్నానని భ్రమిస్తాడు. ఒక చిన్న ట్యాగు సంగీతచరిత్రను తారుమారు చేయగలదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

సినిమా పాటలో ఈ సమస్య మరో రూపం దాలుస్తుంది. ‘శంకరాభరణం’ ఆల్బంకు సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్. వేటూరి రచనలతో పాటు సదాశివ బ్రహ్మేంద్రుల ‘మానస సంచరరే’, భద్రాచల రామదాసు ‘ఏ తీరుగ నను’, మైసూరు వాసుదేవాచార్యుల ‘బ్రోచేవారెవరురా’ అందులోనే ఉన్నాయి. ఆల్బం మొత్తానికి ఒకే రచయిత పేరును ఒక్క నొక్కుతో అంటించే అలవాటుకు ఈ ఒక్క చిత్రమే చాలినంత ఖండన. రేడియో లలిత సంగీతానికైతే ఆల్బమే లేదు. విజయవాడ ఆకాశవాణి ‘భక్తిరంజని’ గీతాల వంటివి ఇంటి సేకరణలో చేరితే, కేంద్రం, కార్యక్రమం, ప్రసార తేదీ అనే వాటి అసలు ఆనవాళ్లకు స్థానం లేక, పేరు తెలియని ఆల్బం అనే కుప్పలో పడిపోతాయి.

ఇక కొత్త పాటను కనుగొనడం. 2002లో ఆడియోస్క్రోబ్లర్‌తో ప్రచారంలోకి వచ్చిన పద్ధతి ఒకే పాటలు వినే శ్రోతలను పోల్చి సూచనలు ఇస్తుంది. అది వినికిడి లెక్కల మీద నడిచేది గనుక, ఎక్కువమంది వినని పాటకు అక్కడ పొరుగువారుండరు. ఊరి కచేరీ రికార్డింగు దానికి శూన్యంతో సమానం. ధ్వనిముద్ర ఆధారంగా పాటను గుర్తుపట్టే అకౌస్టిడ్ ఒకే రికార్డింగు ప్రతులను కలుపుతుందే తప్ప, ఒకే కృతిని ఇద్దరు గాయకులు పాడారని చెప్పలేదు. రసికుడు వెతికేది సరిగ్గా ఆ సంబంధాన్నే: ఈ కృతిని ఇంకెవరు పాడారు, ఈ రాగంలో ఇంకేమున్నాయి, ఈ రచయిత మరేమి రాశాడు.

ఈ దిశగా మెరుగైన ప్రయత్నం మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే ఉమ్మడి సమాచారనిధిలో కనిపిస్తుంది. అది ‘రచన’ను ‘రికార్డింగు’ నుండి వేరు చేస్తుంది. కర్ణాటక కృతికి రాగం, తాళం నమోదు చేసే వీలు కల్పిస్తుంది. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా విశ్వవిద్యాలయంలో జేవియర్ సెర్రా నాయకత్వాన 2011లో ఆరంభమైన కాంప్‌మ్యూజిక్ పరిశోధన కర్ణాటక సంగీత సమాచారాన్ని కూర్చడానికి ఈ నిధినే ఆధారం చేసుకున్నది. మన సంగీతానికి తగిన గడులను గీయడంలో బార్సిలోనా చూపిన శ్రద్ధ మన విశ్వవిద్యాలయాల సంగీత, సాహిత్య శాఖలకు ప్రశ్నగా నిలవాలి. బాలాంత్రపు రజనీకాంతరావు ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’ 1961లోనే సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది. ఎవరి మాతువు, ఎవరి ధాతువు అన్న వివేకం మనకు కొత్తగా నేర్వవలసినది కాదు.

ఇంత శ్రమ సామాన్య శ్రోత పడగలడా అన్న ఆక్షేపణ సమంజసమే. వేల పాటలను ఒక్కడే సరిదిద్దడం దుస్సాధ్యం. కాని ఉమ్మడి నిధిలో ఒకరు ఒకసారి చేసిన దిద్దుబాటు అందరి సర్వర్లకూ అందుతుంది. రోమన్ లిపిలో త్యాగరాజు పేరు ‘టి’ తరువాత ‘హెచ్’ ఉన్నదొకటి, లేనిదొకటిగా ఇద్దరు కళాకారులై చీలిపోయే దుస్థితి, తెలుగు లిపిలోని పేరును ప్రధానంగా నిలిపి మిగిలినవాటిని మారుపేర్లుగా చేర్చితే తీరుతుంది. పని మొదలుపెట్టవలసినది మాత్రం కృతుల నుండి కాదు, వాటికి గ్రంథాలున్నాయి. వ్యక్తుల ఇళ్లలో క్యాసెట్లుగా మిగిలిన రేడియో గీతాలకు రచయిత ఎవరో, బాణీ ఎవరిదో చెప్పగలిగినవారు ఏటేటా తగ్గిపోతున్నారు.