ఆదివారం తలంటు

"ఎన్నాళ్ళకోసారి దువ్వుతారమ్మా?" అని అడిగారు డాక్టరుగారు.

"ప్రతి ఆదివారం తలంటు పోస్తాం డాక్టరుగారూ. ఒక్క వారం తప్పదు" అన్నాను, కాస్త గర్వంగానే.

"నేనడిగింది స్నానం సంగతి కాదమ్మా. దువ్వడం."

నేను మావారి వంక చూశాను. ఆయన గోడమీది క్యాలెండరు వంక చూశారు. బల్లమీద పడుకున్న చిట్టి మా ఇద్దరినీ చూడలేదు, దానికి తలెత్తే ఓపిక కూడా లేదు. నాలుగు రోజులుగా పెరుగన్నం ముట్టలేదు. ఆ పొద్దున ముక్కులోంచి సన్నగా నెత్తురు కారింది. డాక్టరుగారు దాని పై పెదవి ఎత్తి చూపించారు. ఎప్పుడూ గులాబీ రంగులో ఉండే చిగుళ్ళు సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉన్నాయి. తర్వాత మెడ పట్టీ విప్పి, ఆ పట్టీ ఉన్నచోట బొచ్చును రెండు చేతులతో పాపిడి తీసినట్టు విడదీశారు. నానిన కందిగింజలంత, బూడిద రంగులో, ఒకదాన్నానుకుని ఒకటి మూడు పిడుదులు. మీ వైపు గోమార్లంటారేమో. మెడ చుట్టూ వెతికితే ఇంకో ఐదు. చెవి మడతలో రెండు.

ఆరేళ్ళుగా మా ఒళ్ళో పెరిగిన కుక్క అది. సీరియల్ చూసేటప్పుడు నా చెయ్యి ఎప్పుడూ దాని వీపు మీదే ఉంటుంది. బొచ్చు పైపైన నిమరడమే తప్ప, కింద చర్మం ఎలా ఉందో ఒక్కరోజూ చూసిన పాపాన పోలేదు.

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 38 వేలే వచ్చాయి. కుక్కకి కనీసం 2 లక్షలైనా ఉండాలట. డెంగీ వచ్చి వెళ్ళిన ఇంట్లో ఈ లెక్క ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. కాకపోతే ఇది దోమ తెచ్చిన వైరస్ కాదు, పిడుదు నోటినుంచి నెత్తుట్లోకి ఎక్కిన ఎర్లీషియా అనే బాక్టీరియా. 28 రోజులు డాక్సీసైక్లిన్. మాత్రని ఇడ్లీ ముక్కలో దాచి పెడితే ఇడ్లీ తిని మాత్ర ఉమ్మేసేది.

కుక్క శుభ్రం గురించి ఆ రోజుదాకా నాకున్న జ్ఞానమంతా ఒక్క మాటే: నీళ్ళు. మనవాళ్ళకి శుభ్రమంటే స్నానమే కదా. భోగికి తలంటు, దీపావళికి తలంటు, పురిటికి తలంటు, చావింటినుంచి వచ్చినా తలస్నానం. మనకి ఒళ్ళంతా చెమట పడుతుంది, కనక నీళ్ళు పోసుకుంటే హాయిగా ఉంటుంది. కుక్కకి చెమట పట్టేది ముఖ్యంగా అరికాళ్ళలోనే. వేడి తగ్గించుకోవడానికి అది నాలుక బయటపెట్టి రొప్పుతుంది. దాని చర్మంలోంచి సన్నగా నూనె ఊరుతుంది, ఆ నూనే బొచ్చుకి నిగారింపు, చర్మానికి కాపలా. వారంవారం షాంపూ పెట్టి నేను ఆ కాపలాదారుణ్ణి తరిమేస్తూ వచ్చాను. పైగా ఆ షాంపూ మా అమ్మాయిది. మన చర్మానికి ఆమ్లగుణం ఎక్కువ, పీహెచ్ 5.5 దగ్గర ఉంటుంది. కుక్క చర్మం తటస్థానికి, అంటే 7కి దగ్గరగా ఉంటుంది. మనకి మంచిదైన షాంపూ దానికి పడదు. చిట్టి ఒంటిమీద చుండ్రులా పొట్టు రాలేది, గోక్కునేది. గోక్కుంటోందంటే మురికి పట్టిందని మళ్ళీ స్నానం చేయించేదాన్ని. ఇలా రెండేళ్ళు నడిచింది.

దువ్వకుండా తడపడం ఇంకా పెద్ద తప్పని కూడా ఆరోజే తెలిసింది. చిక్కుపడ్డ బొచ్చు తడిస్తే మరింత బిగుసుకుని ఉండ కడుతుంది. ఉండ కింద తడి ఆరదు, గాలి తగలదు. వానాకాలంలో అక్కడ చర్మం ఎర్రబడి, చెమర్చి, ఒక్క రాత్రిలో అరచేయంత పుండవుతుంది. అందుకని ముందు దువ్వెన, తర్వాతే నీళ్ళు. ఆరాక మళ్ళీ దువ్వెన.

ఇంటికొచ్చిన రాత్రి నిద్ర పట్టలేదు. మా నాన్న గుర్తొచ్చాడు. పశ్చిమగోదావరిలో మా ఊళ్ళో నాన్నకి రెండు గేదెలు, ఒక ఎడ్ల జత ఉండేవి. రోజూ సాయంత్రం కాలవలో దింపి, గుప్పెడు ఎండుగడ్డి చుట్టగా చుట్టి తోమేవాడు. మెడ కింద, గంగడోలు మడతల్లో, ముందుకాళ్ళ సందుల్లో, పొదుగు వెనక. గడ్డి ఉన్న చెయ్యి తోముతుంటే, ఖాళీ చెయ్యి దాని వెనకే తడుముతూ వచ్చేది. ఉన్నట్టుండి ఒకచోట ఆ చెయ్యి ఆగేది. నాన్న వంగి చూసి, వేలితో నొక్కి, "వేపనూనె తేవే అమ్మాయ్" అని కేకేసేవాడు. పశువు మేత మానేసేదాకా మా ఇంట్లో ఏ జబ్బూ ఆగలేదు, చేతికి ముందే తెలిసిపోయేది.

అదే నాన్న మా రాజుగాణ్ణి మాత్రం ఒక్కనాడూ ముట్టుకుని చూడలేదు. రాజుగాడు ఊరకుక్క. మా అరుగు మీద పడుకునేవాడు, మా ఎంగిలాకులు నాకేవాడు, మేం పొలం వెళ్తే వెంట వచ్చేవాడు. పొట్టి బొచ్చు. గడ్డివాముకి ఒళ్ళు రుద్దుకునేవాడు, కాలవలో ఈదేవాడు, కంకర రోడ్డు మీద పరుగెత్తి గోళ్ళు తనే అరగదీసుకునేవాడు. వాడికి ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదని అందరం అనుకునేవాళ్ళం. ఒక శ్రావణమాసంలో తిండి మానేశాడు. మూడోరోజు ముక్కులోంచి నెత్తురు. ఐదోరోజు గడ్డివాము వెనక చచ్చిపడి ఉన్నాడు. కోళ్ళని పట్టుకుంటున్నాడని పక్కింటాయన విషం పెట్టాడని అమ్మ తేల్చేసింది. నాన్న ఆయనతో ఏడాదిపాటు మాట్లాడలేదు. రాజుగాడి చెవుల్లో పిడుదులు గుత్తులుగా ఉండటం నాకు బాగా గుర్తు. విషమో జ్వరమో ఇప్పుడు తేల్చలేం. పక్కింటాయన కూడా పోయాడు.

చిట్టి స్పిట్జ్. మనం పొమేరియన్ అని పిలుచుకునే తెల్లకుక్కల్లో చాలావరకు స్పిట్జ్‌లే. 'ప్రేమాలయం' పేరుతో తెలుగులోకి వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్'లో టఫీ వేషం వేసిందీ ఈ జాతి కుక్కే. మా ఆడపడుచు పిల్లలు అప్పట్లో ఆ సినిమా చూసొచ్చి తెల్లకుక్క కావాలని వారం రోజులు అన్నం మానేసినంత పని చేశారు. మాకు చిట్టిని అమ్మినాయన "ఏం పెట్టినా తింటుందండీ" అన్నాడు తప్ప, దీనికి రెండు పొరల బొచ్చుంటుందని చెప్పలేదు. పైబొచ్చు పొడుగ్గా, కాస్త గరుగ్గా ఉంటుంది. లోబొచ్చు దూదిలా మెత్తగా, ఒత్తుగా ఉంటుంది. చచ్చిన లోబొచ్చు బయటికి రాకపోతే లోపలే పేరుకుని పరుపులో దూదిలా గడ్డకడుతుంది. పైన నిమిరితే పట్టులా ఉంటుంది. నేను ఆరేళ్ళు మోసపోయింది ఆ పట్టుకే.

దువ్వడమంటే వీపు మీద బ్రష్ పైపైన లాగడం అనుకునేదాన్ని. అలా కాదట. ఎడమచేత్తో బొచ్చుని పైకి ఎత్తిపట్టి, చర్మం గీతలా కనబడేలా పాయ తీసి, ఆ గీత దగ్గర మొదలుపెట్టి చివరిదాకా దువ్వాలి. తర్వాత అంగుళం పైకి ఇంకో పాయ. మడమల దగ్గర మొదలుపెడితే వీపు దాకా వచ్చేసరికి ఇరవై నిమిషాలు. చివర్న స్టీలు దువ్వెన వేస్తే ఎక్కడా తట్టుకోకుండా సాగిపోవాలి. తట్టుకుందంటే అక్కడ చిక్కున్నట్టు. మొదటిరోజు ఊడిన బొచ్చుని మావారు క్యారీబ్యాగులో కుక్కి, "ఇందులో ఇంకో చిట్టి వస్తుందే" అన్నారు. ఇప్పుడు రోజు విడిచి రోజు దువ్వుతున్నాను, బొచ్చు ఎక్కువ రాలే కాలంలో రోజూ. స్నానం నెలకోసారి, కుక్కల షాంపూతో, అదీ చెవుల్లో దూది పెట్టి. నీళ్ళు చెవిలో నిలిస్తే పులిసిన వాసన వస్తుంది. అది వచ్చిందంటే డాక్టరు దగ్గరికే, ఇయర్‌బడ్ పెట్టి తిప్పడం కాదు.

తప్పులు అంతటితో ఆగలేదు. మరుసటి మే నెలలో, విజయవాడ ఎండ చూసి జాలిపడి, గ్రూమింగ్ పార్లర్‌కి తీసుకెళ్ళాను. "గుండు కొట్టేద్దాం ఆంటీ, చల్లగా ఉంటుంది" అన్నాడు కుర్రాడు. నేనూ బుర్ర ఊపాను. రెండు పొరల బొచ్చు చలికే కాదు, ఎండకీ అడ్డమేనని, అది తీసేస్తే చర్మం మాడుతుందని తర్వాత తెలిసింది. చచ్చిన లోబొచ్చు దువ్వి తీసేస్తే చాలు, మిగతా పొరల మధ్య గాలి ఆడి చల్లబరుస్తుందట. చిట్టికి నడుము మీద ఏడాది దాకా బొచ్చు సరిగ్గా రాలేదు, మాసిపోయిన తువ్వాలులా అతుకులతుకులుగా ఉండేది. కుర్రాణ్ణి ఏమనగలను? అడగాల్సిన ప్రశ్న నేను అడగలేదు. ఈ ఎండల్లో హస్కీలని కొనేవాళ్ళని మాత్రం నేను ఎప్పటికీ క్షమించను, అది వేరే సంగతి.

ఎన్నాళ్ళకోసారి అని నన్నిప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో చాలామంది అడుగుతున్నారు, ఒకప్పుడు నన్నడిగితే తెల్లమొహం వేసిన ప్రశ్నే. జవాబు కుక్కని బట్టి. రెండో అంతస్తు లాబ్రడార్‌కి వారానికి రెండుసార్లు చాలు. ఎదురింటి షిట్జూకి రోజూ దువ్వాల్సిందే, ఎందుకంటే దాని వెంట్రుక మన జుట్టులాగా పెరుగుతూనే ఉంటుంది, ఆరు వారాలకోసారి కత్తిరించాలి కూడా. 2003లో హచ్ ప్రకటన వచ్చాక ఇంటింటికీ చేరిన పగ్‌కి దువ్వెన పని తక్కువ, మొహం మీద మడతల్ని రోజూ పొడిగుడ్డతో తుడవాలి. వాచ్‌మన్ పెంచుకునే వీధికుక్కకి వారానికోసారి రబ్బరు బ్రష్షు, ఒక తడిగుడ్డ. అంతే. కానీ చేత్తో తడిమి చూడటం మాత్రం వీటిలో ప్రతిదానికీ రోజూ కావాలి, వానాకాలంలో మరీను. చెవుల లోపల, వెనక, పట్టీ కింద, చంకల్లో, కాలివేళ్ళ సందుల్లో, తోక మొదట్లో. రెండు నిమిషాల పని.

పిడుదు దొరికితే ఏం చెయ్యాలో కూడా తలా ఒకటి చెప్తారు. కిరసనాయిలు రాయమంటారు, కర్పూరం కలిపిన కొబ్బరినూనె అంటారు, ఫినాయిలు అన్నవాళ్ళూ ఉన్నారు. మూడూ వద్దు. కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, రాసిందంతా దాని కడుపులోకే పోతుంది. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిటారుగా లాగి, స్పిరిట్ పోసిన సీసాలో వెయ్యాలి. గోళ్ళతో నలపకూడదు. ఇంకో సంగతి, పిడుదు బతుకులో ఎక్కువ భాగం కుక్క మీద గడవదు. నెత్తురు తాగి రాలిపోయి గోడ పగుళ్ళలోకి పాకుతుంది, ఒక్క ఆడది వేల గుడ్లు పెడుతుంది. మా బాల్కనీలో టైల్సుకీ గోడకీ మధ్య సందు ఉండేది. దానికి వైట్‌సిమెంట్ పట్టించాం. డాక్టరుగారు రాసిన మాత్ర తేదీ తప్పకుండా వేస్తున్నాం. మెడ మీద వేసే చుక్కల మందైతే వేసిన రెండురోజుల దాకా స్నానం చేయించకూడదు. ఆదివారం తలంటు వల్ల నేను కడిగేసిన మందు ఎంతో!

గోళ్ళ మాట మర్చిపోయాను. చిట్టి నడుస్తుంటే టైల్సు మీద టక్‌టక్ మని శబ్దం వచ్చేది, ముద్దుగా ఉందని వీడియో తీసి అమ్మాయికి పంపాను. గోరు నేలకి తగులుతోందంటే పెరిగిపోయినట్టు, ప్రతి అడుక్కీ వేలు పక్కకి ఒరుగుతుంది. టైల్సు కంకర రోడ్డు కాదు కదా అరగడానికి. నేలకి తగలని లోపలివైపు గోరు గుండ్రంగా తిరిగి చర్మంలోకే దిగుతుంది. మూడునాలుగు వారాలకోసారి కొసమాత్రం కత్తిరిస్తున్నాను. లోపల రక్తనాళం ఉంటుంది, తెల్లగోరులో గులాబీ గీతలా కనిపిస్తుంది, నల్లగోరులో కనిపించదు. ఒకసారి తెగింది. కార్న్‌ఫ్లోర్ అద్ది నొక్కిపట్టాను, ఆగింది. ఆ తర్వాత నెల్లాళ్ళు కత్తెర చూస్తే చాలు మంచం కిందికి దూరేది. ఇప్పుడు మావారు చెంచాతో వేరుశనగ ముద్ద నాకిస్తుంటే నేను ఒక్కో గోరూ తీస్తాను. ఒకరోజు ముందుకాళ్ళు, ఇంకోరోజు వెనకకాళ్ళు.

చిట్టికిప్పుడు తొమ్మిదేళ్ళు. ఈ పొద్దున కాఫీ తాగాక బాల్కనీలో కూర్చోబెట్టి దువ్వుతుంటే ఎడమచెవి వెనక నా చెయ్యి ఆగింది. పాయ తీశాను. మెంతిగింజంత, ఇంకా ఉబ్బలేదు. తీసి సీసాలో వేశాను. ఈ వానాకాలంలో ఇది నాలుగోది.