స్ప్రింగు ఉస్తాదులు

అమీర్‌పేటలో నేర్పని విద్య లేదని మనవాళ్ల నమ్మకం. మైత్రీవనం చుట్టుపక్కల గోడలకు అంటించిన కాగితాలు చదివితే ఆ నమ్మకం తప్పనిపించదు. జావా అయినా, టెస్టింగయినా, నిన్నమొన్న పుట్టిన ఏఐ అయినా నెలా రెండు నెలల్లో చేతికిస్తామంటారు. అక్కడ మెట్రో ఎక్కి ఒక్క స్టేషను దాటితే మధురానగర్. ఆ కోర్సుల పుణ్యాన ఉద్యోగాలొచ్చి, ఫ్లాట్లు కొని, ఆపైన సరదా తీరక స్పోర్ట్స్ కారు కూడా కొన్న కుర్రాళ్లు ఈ సందుల్లో కనిపిస్తూనే ఉంటారు. వాళ్లలో ఒకణ్ని ఆపి, "బాబూ, నీ కారు స్ప్రింగు ఎలా విప్పుతారో తెలుసా?" అని అడిగి చూడండి. షోరూం ఫోన్ నంబరు ఇస్తాడు.

నా ఏడుపంతా ఆ ఫోన్ నంబరు గురించే.

స్పోర్ట్స్ కారు గొప్పంతా ఇంజన్లోనే ఉందనేవాళ్లతో నాకు మొదటినుంచీ పేచీ. హార్స్‌పవర్‌ను డబ్బు పోసి కొనుక్కోవచ్చు. మలుపులో కారు ఒరిగిపోకుండా, గతుకులో చక్రం నేల విడవకుండా చూసేది నాలుగు స్ప్రింగులు, వాటి ఊపును అదుపులో పెట్టే నాలుగు షాక్ అబ్జార్బర్లు. మామూలు ఇంటి కారు తన స్ప్రింగుల మీద సెకనుకు ఒకటి, ఒకటింపావు సార్లు ఊగుతుంది. రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కారు ఒకటిన్నర నుంచి రెండు సార్లు. తేడా ఇంతే. ఈ కాస్త తేడా కోసమే కంపెనీల ఇంజనీర్లు ఏళ్ల తరబడి తలలు బద్దలు కొట్టుకుంటారు. మన యూసుఫ్‌గూడ రేకుల షెడ్డులో ఒక ఉస్తాద్ దాన్ని అరచేత్తో కనిపెడతాడు.

ఆయన పేరు రాయవద్దన్నాడు, రాయను. పని చెబుతాను. ఒకసారి ఆయన దగ్గరికొక కారు వచ్చింది. ముందు భాగంలో టకటక చప్పుడు. వేరేచోట రెండుసార్లు షాక్ అబ్జార్బర్లు మార్పించినా పోలేదట. ఉస్తాద్ బానెట్ ఎత్తలేదు. టైరు లోపలి అంచు వెంబడి అరచెయ్యి నడిపాడు. మడ్‌గార్డు మీద చెయ్యేసి మూడుసార్లు అదిమి వదిలాడు. టేపు తీసి చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచుదాకా రెండు వైపులా కొలిచాడు. నేల నుంచి కొలవడు. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తక్కువున్నా లెక్క తప్పుతుంది. "కుడిదాని కింది చుట్టు పోయింది సాబ్" అన్నాడు. విప్పితే, స్ప్రింగు కూర్చునే గిన్నెలో రెండు వేళ్లంత ఉక్కు ముక్క విరిగి పడి ఉంది. ఆ గిన్నెలో వాననీరు, బురద నిలుస్తాయి. పెయింటు లేచిన చోట తుప్పు చిన్న గుంట తీస్తుంది, గుంట చీలికవుతుంది, చివరికి ఒక స్పీడ్ బ్రేకర్ దగ్గర చుట్టు తెగుతుంది. ఇదంతా పుస్తకాల్లోనూ ఉంది. కానీ మూడు అదుముళ్లలో చెప్పడం ఏ పుస్తకంలో ఉంది?

ఆయన బాబాయి ఇంకా ఘనుడు. ఆయనది కమాన్ కట్టల పని, లారీలకు, జీపులకు. కూలబడిన పట్టాను దిమ్మె మీద బోర్లించి సమ్మెటతో వరసగా దెబ్బ మీద దెబ్బ వేస్తూ మళ్లీ వంపుకు తెచ్చేవాడు. నిప్పు చూపించేవాడు కాదు. వేడి తగిలితే ఉక్కుకు పెట్టిన పదును పోతుంది. నేల మీద సుద్దముక్కతో గీసిన వంపే ఆయన కొలబద్ద. పట్టాను దాని మీద పెడితే గీత కనిపించకూడదు. ఆయన చేతిలో కనిపించగా నేను చూడలేదు.

చరిత్ర చెప్పే ఓపిక నాకు తక్కువ. కమాన్ స్ప్రింగుకు 1804లో ఇంగ్లండులో ఒబడయా ఎలియట్ పేటెంటు తీసుకున్నాడు. గుర్రబ్బండ్ల కింద అవే, తొలినాళ్ల కార్ల కింద అవే. నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డరిచ్చిన పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఈసారి వెళ్తే సింహాసనం లాంటి సీటుతోపాటు కాస్త వంగి కిందికీ చూడండి. నిజాం బగ్గీలు బాగుచేసిన చేతులే తరవాత కార్ల పనికి మళ్లాయని ఉస్తాద్ అంటాడు. నిజమో, వాళ్ల ఇంటి గొప్పో. చుట్టల స్ప్రింగును షాక్ అబ్జార్బర్‌తో కలిపి ఒకే స్తంభంగా నిలబెట్టినవాడు అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్, 1940లలో. నేటి చిన్న కార్లలో ముందువైపు ఎక్కువగా ఆయన పద్ధతే. ఇక ఉక్కు సంగతంటారా, సిలికాన్, క్రోమియం కలిపిన కడ్డీని ఎర్రగా కాల్చి చుట్టి, నూనెలో ముంచి, మళ్లీ మితంగా వేడిచేసి, పైన సన్నటి ఉక్కు గుళ్లు కొట్టి ఒళ్లు గట్టిపరుస్తారు. అంతవరకూ ఫ్యాక్టరీ చూసుకుంటుంది. మన విద్య ఆ తరవాత మొదలవుతుంది.

మా మేనల్లుడు అమీర్‌పేటలో కోర్సు చేసి టెక్సస్ వెళ్లినవాడే. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. సొంత గరాజు, అందులో పాత మజ్దా మియాటా. 1989లో వచ్చిన ఆ రెండు సీట్ల బుడత కారును మన దేశంలో ఏనాడూ అమ్మలేదు. వాడు స్ప్రింగులు తనే మారుస్తానని పట్టుబట్టాడు. నేను ఉస్తాద్‌ను పక్కన కూర్చోబెట్టుకుని వీడియో కాల్ కలిపాను. ఉస్తాద్ మియాటాను జన్మలో చూసినవాడు కాదు. చక్రం ఊడగానే ఫోన్ ముఖానికి దగ్గరగా పట్టుకుని నవ్వాడు. "అరే, ఇది మన ఫియట్ ముందు కాలే గద!"

ఆ మాట అక్షరాలా నిజం. మనం ప్రీమియర్ పద్మిని అని పిలుచుకున్న ఫియట్ 1100కు ముందువైపు పైనొక ఆర్మ్, కిందొక ఆర్మ్, నడుమ చుట్టల స్ప్రింగు. మియాటాకు అదే ఏర్పాటు నాలుగు చక్రాలకూ ఉంది. అంబాసిడర్ అభిమానులు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి. వాళ్ల కారు సోఫాలా మెత్తగా ఉంటుందని వాళ్లే చెబుతారు, సోఫాతో పందేలు గెలవలేం. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో షోలవరం పాత విమాన స్థావరం మీద పందేలు జరిగిన రోజుల్లో ఫియట్లు ఎలా పరిగెత్తాయో చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లనడగండి.

మేనల్లుడి పనికి వద్దాం. చక్రాల నట్లు కారు నేల మీద ఉండగానే ఒక్క పట్టు వదులు చేయాలి. వెనక చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీ ఎత్తడానికే, మోయడానికి స్టాండ్లు. జాకీ మీద ఉన్న కారు కింద తల పెట్టినవాణ్ని ఉస్తాద్ షెడ్డులోంచి గెంటేస్తాడు. విప్పిన చక్రాన్ని కూడా కారు అంచు కిందికి తోయిస్తాడు, స్టాండు జారినా మనిషి మిగలాలని. తుప్పు పట్టిన బోల్టులకు ముందురోజు రాత్రే నూనె కొట్టి ఉంచాలి. స్టెబిలైజర్ కడ్డీ లింకులు రెండు వైపులా విప్పాలి, లేకపోతే ఒక పక్క విప్పుతుంటే రెండో పక్క లాగుతుంది. బ్రేకు గొట్టం మీద బరువు వేలాడకూడదు. మియాటా ముందువైపు పై ఆర్మ్‌కున్న పొడుగు బోల్టు లాగేస్తే మొత్తం పక్కకు వాలుతుంది. బానెట్ లోపల రెండు నట్లు, కింద ఒక బోల్టు, అంతే, స్ప్రింగుతో సహా షాక్ అబ్జార్బర్ చేతికొస్తుంది.

అక్కడిదాకా ఎవరైనా చేస్తారు. మనిషిని మింగేది ఆ తరవాతి నట్టు. మిల్లీమీటరుకు 30 న్యూటన్ల స్ప్రింగు 100 మిల్లీమీటర్లు నొక్కుకుని ఉంటే, లోపల దాగున్న తోపుడు 3000 న్యూటన్లు. అంటే 300 కిలోల బరువుకు సమానం. దాన్ని పట్టి ఉంచేది నడినెత్తిన ఒకే ఒక్క నట్టు. అందుకే ముందు స్ప్రింగును నొక్కిపట్టే కంప్రెసర్ బిగించాలి. రెండు మరల కడ్డీలు ఒకదానికొకటి సరిగ్గా ఎదురుబొదురుగా ఉండాలి, మరలకు గ్రీజు రాయాలి, ఇటు నాలుగు తిప్పులు అటు నాలుగు తిప్పులు, చేత్తోనే. గాలి గన్నుతో బరబరా తిప్పే తొందర పిల్లలను ఉస్తాద్ పనిలో పెట్టుకోడు. స్ప్రింగు ఎటు చూస్తుందో ఆ దిక్కున ముఖం గానీ ఛాతీ గానీ ఉండకూడదు.

"ఉస్తాద్, ఇప్పుడు నడుమ నట్టు విప్పనా?" అన్నాడు మావాడు.

"ఆగు బేటా. స్ప్రింగు గిన్నెల గలగల ఆడుతుందా? చేత్తోని తిప్పి జూడు."

"ఇంకా బిగుతుగానే ఉంది."

"అయితే ఆ నట్టుకు పానా పెట్టకు. ఇంకో మూడు తిప్పులు తిప్పు. అది ఆడిన్నాడే నట్టు విప్పుడు."

నాలుగు నిమిషాల తరవాత గలగల వినబడింది. పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతలి చప్పుడుకు ఉస్తాద్ తలాడించిన తీరు చూడాలి, కచేరీలో ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి కూడా అలా ఆడించడు.

కొత్త స్ప్రింగు ఎక్కించేటప్పుడు దాని తోక గిన్నెలోని మెట్టుకు ఆనాలి. బంప్ స్టాప్, పై రబ్బరు కొత్తవి వేయాలి. ఒక్క పక్కే మార్చకూడదు, జతగా మార్చాలి. ఆ తరవాతిది చాలా షోరూములు కూడా తప్పే చోటు. ఆర్మ్ బోల్టులను చక్రం గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. బుష్‌లోని రబ్బరు లోపలి గొట్టానికి, బయటి గొట్టానికి అతుక్కుని ఉంటుంది. వేలాడేటప్పుడు బిగిస్తే, కారు కిందికి దిగిన క్షణం నుంచి ఆ రబ్బరు మెలితిరిగే బతకాలి. కొన్ని నెలల్లో చిరుగుతుంది. అంతదాకా కారు ఎత్తుగా, బిర్రబిగుసుకుని నడుస్తుంది. అందుకే కారును చక్రాల మీదికి దించి, బరువు పడ్డాకే చివరి బిగింపు, టార్క్ రెంచ్‌తో. కాస్త తిప్పి, స్ప్రింగులు కుదురుకున్నాక అలైన్‌మెంట్.

ఇంత శాస్త్రం ఉన్న పనికి మన వీధుల్లో ఏం గతి పట్టిందో చూడండి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగి, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఊరంతా ఊగిపోయింది. మరుసటేడు పందెం రద్దయింది, సరదా మాత్రం మిగిలింది. కారు పందెం కారులా నేలకు అంటుకుని కనిపించాలి, ఖర్చు కాకూడదు. దానికో దారి దొరికింది: గ్రైండర్ పట్టి స్ప్రింగు ఒక చుట్టు కోసేయడం! దీన్ని చేసేవాడు మెకానిక్ కాడు, కసాయి. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒకటి కోస్తే మిగిలింది 20 శాతం బిరుసెక్కుతుంది, షాక్ అబ్జార్బర్ మాత్రం పాతదే. కోసిన కొస గిన్నెలో కుదరదు. చక్రం గుంతలో వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు తప్పుకుంటుంది. ఇంతకన్నా ఘోరం గ్యాస్ మంటతో కాల్చి కుంగదీయడం. ఫ్యాక్టరీ నూనెలో ముంచి పెట్టిన పదునంతా అరనిమిషంలో బూడిద. ఆ కారులో భార్యాబిడ్డలను కూర్చోబెట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేవాణ్ని ఏమనాలి?

అసలైన లోయరింగ్ స్ప్రింగు వేరు. దానిలో కడ్డీ మందం, చుట్ల సంఖ్య, చుట్టు వెడల్పు అన్నీ కలిపి లెక్క కడతారు. 12 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 13 వాడితే, మిగతావన్నీ అవే అయినా, బిరుసు దాదాపు 38 శాతం పెరుగుతుంది; మందం నాలుగో ఘాతంలో లెక్కకొస్తుంది. ఒక్క మిల్లీమీటరుకే ఇంత తేడా చేసే వస్తువును మనవాళ్లు రంగు చూసి కొంటున్నారు. ఎర్ర పెయింటు, పెద్ద కంపెనీ స్టిక్కరు, డబ్బాలో ఒక కాగితమైనా ఉండదు. అసలుదానితో పాటు పార్టు నంబరు, ఏ మోడల్‌కు ఏ ఇరుసుకో రాసిన వివరం వస్తాయి. అది కూడా అడగని కొనుగోలుదారుడికి నకిలీ అమ్మడం ఏం కష్టం? పైగా కంపెనీ నమోదు చేయించిన నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్లు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ఇన్సూరెన్సువాడికి ఆ సెక్షన్ మనకన్నా బాగా గుర్తుంటుంది.

అసలు మన దారుల్లో కిందికి దించడమెందుకో నాకర్థం కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. స్పోర్ట్స్ కారు పొట్ట కింద ఉండేదే 12, 13 సెంటీమీటర్లు. మన కాలనీ సందుల్లో పోసిన కుప్పలకు ఆ 3.7 మీటర్ల మర్యాద కూడా లేదు. ఫ్యాక్టరీ ఇచ్చిన ఎత్తుకే, ఫ్యాక్టరీ ఇచ్చిన బిరుసుకే కొత్త స్ప్రింగులు వేసి చూడండి. కూలబడిన పాత కారు మళ్లీ లేచి నిలబడి మలుపు తిరిగే తీరుకు ఏ సోకూ సాటి రాదు.

ఈ విద్య తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. ఉస్తాద్ కొడుకు ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. "పానా పడితే పిల్లనిస్తలేరు సాబ్" అన్నాడు ఉస్తాద్, కోపం లేకుండానే. కోపం నాకొచ్చింది. యూసుఫ్‌గూడలో చిన్న పరిశ్రమలవాళ్లకు శిక్షణ ఇచ్చే నిమ్స్‌మే సంస్థ 1962 నుంచి ఈ నగరంలో ఉంది. బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉంది. ఈ ఉస్తాదులను పిలిచి, పిల్లల ముందు నిలబెట్టి, గౌరవంగా నాలుగు రోజులు పాఠం చెప్పించమని ఆ పెద్దలను అడుగుతున్నాను. ఫ్లాట్ల సంఘాలవాళ్లకూ ఒక మనవి. సెల్లార్లో పానా చప్పుడు వినబడితే నోటీసు అంటించకండి. గచ్చు చదునుగా ఉన్నచోట, నెలకొక ఆదివారం, ఒక్క కారు పట్టే జాగా వదలండి. నూనె మరక పడితే వాళ్లే కడుగుతారు.

కారున్న కుర్రాళ్లకు చివరి మాట. ముందు స్ప్రింగుల వంతు వచ్చినప్పుడు షోరూముకు ఫోన్ చేయకుండా, అసలు భాగాలు బిల్లుతో కొని, యూసుఫ్‌గూడ వైపు వెళ్లండి. చొక్కా మాసినా ఫర్వాలేదని చెప్పి పక్కన కూర్చోండి. చక్రం మీరు విప్పండి, లింకులు మీరు విప్పండి, కంప్రెసర్ తిప్పులు మీరే లెక్కపెట్టండి. నడుమ నట్టు మాత్రం మొదటిసారికి ఆయన్ను విప్పనివ్వండి. పని సగం మీరే చేశారని కూలి తగ్గించకండి.