మైత్రీవనం రోడ్డు మీద వ్యాగన్ఆర్, టియాగో

సాయంత్రం ఆరు దాటాక హైదరాబాద్ పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట మైత్రీవనం దాకా కారు నడిపేవాళ్లకు కంపెనీ చెప్పే మైలేజీ అంకె ఎందుకూ కొరగాదు. రోడ్డు నడుమ మెట్రో పిల్లర్లు, కోచింగ్ సెంటర్ల నుంచి గుంపులుగా బయటికొచ్చే పిల్లలు, చెయ్యెత్తిన చోటల్లా ఆగే ఆటోలు. ఫస్ట్ గేరు, సెకండ్ గేరు, మళ్లీ న్యూట్రల్. చిన్న హ్యాచ్‌బ్యాక్‌కు ఇదే అసలు పరీక్ష. అందుకే మారుతి వ్యాగన్ఆర్‌నూ టాటా టియాగోనూ షోరూమ్ లైట్ల కింద కాకుండా ఈ రోడ్డు మీద పక్కపక్కన నిలబెట్టి చూడాలి.

వ్యాగన్ఆర్ మన దేశంలోకి 1999 చివర్లో వచ్చింది. ఇప్పుడున్నది 2019 నాటి మూడో తరం. టియాగో 2016లో వచ్చింది. రెండింటికీ మొదట తేడా కనిపించేది ఎత్తులో. వ్యాగన్ఆర్ 1,675 మిల్లీమీటర్లు, టియాగో 1,535. మోకాళ్ల నొప్పులున్న తల్లిని నిమ్స్ ఆస్పత్రిలో చూపించడానికి తీసుకెళ్లే కొడుక్కి ఆ పద్నాలుగు సెంటీమీటర్ల విలువ తెలుసు. వ్యాగన్ఆర్‌లో కూర్చోవడానికి ఒంగనక్కర్లేదు, దిగడానికి ఎవరూ చెయ్యందించనక్కర్లేదు. వెడల్పు కూడా తక్కువ కాబట్టి ఎస్.ఆర్. నగర్, బల్కంపేట సందుల్లో ఎదురుబండి వచ్చినా పక్కకి ఒదుగుతుంది. పెద్దవాళ్లున్న ఇంటికి దీన్ని మించిన చిన్న కారు నాకు కనిపించదు.

కానీ భద్రత దగ్గరకొచ్చేసరికి నా మొగ్గు మారిపోతుంది. గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ పరీక్షలో టియాగోకు 2020లో పెద్దల రక్షణకు నాలుగు స్టార్లు వచ్చాయి. వ్యాగన్ఆర్‌కు 2023లో వచ్చింది ఒకే ఒక్క స్టారు, పిల్లల రక్షణకు సున్నా. ఆ తర్వాత 2025లో మారుతి ఆరు ఎయిర్‌బ్యాగులను వ్యాగన్ఆర్ అన్ని వేరియంట్లకూ ఇచ్చింది. అది మంచి పని. అయినా ఆరు ఎయిర్‌బ్యాగులతో మళ్లీ పరీక్షించి మంచి మార్కులు వచ్చేదాకా పాత ఫలితాన్ని పక్కన పెట్టలేం. సిటీలో ఇరవై కిలోమీటర్ల వేగంతో పోయే బండికి ఇవన్నీ ఎందుకంటారు కొందరు. అదే బండి ఆదివారం పిల్లలతో ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతుంది కదా!

ఇక ఇంధనం. డీజిల్ గురించి ఎక్కువ మాట్లాడనక్కర్లేదు. 2020లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు రావడంతో మారుతి డీజిల్ ఇంజిన్లు ఆపేసింది. టియాగోలోనూ డీజిల్ లేదు. మిగిలినవి పెట్రోలు, సీఎన్‌జీ, కరెంటు.

హైదరాబాద్‌లో పెట్రోలు లీటరు 107 రూపాయలు దాటింది. అందులో రాష్ట్రం వేసే వ్యాట్ 35.2 శాతం. పైగా ఇప్పుడు బంకులో పోసేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. వ్యాగన్ఆర్ 1.0 పెట్రోలుకు కాగితం మీద లీటరుకు 24 కిలోమీటర్లు ఉన్నా, అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని పోతే 15 వస్తుందని లెక్కేసుకోవడం క్షేమం. అంటే కిలోమీటరుకు ఏడు రూపాయల పైమాటే.

సీఎన్‌జీని కిలో 96 రూపాయల లెక్కన, సిటీలో కిలోకు 24 కిలోమీటర్లని అనుకుంటే ఖర్చు నాలుగు రూపాయలు. మిగిలేది మూడు. అయితే వ్యాగన్ఆర్‌లో పెట్రోలు మోడల్‌కూ సీఎన్‌జీ మోడల్‌కూ షోరూమ్ ధరలో దాదాపు 90 వేల తేడా ఉంది. దాని మీద 14 శాతం లైఫ్ ట్యాక్స్ పడితే అది లక్ష దాటుతుంది. ఆ లక్ష తిరిగి రావాలంటే 33 వేల కిలోమీటర్లు పైగా తిరగాలి. నెలకు ఆరు వందల కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి నాలుగున్నరేళ్లకు పైగా పడుతుంది. పదిహేను వందలు తిరిగేవాళ్లకు రెండేళ్ల లోపే. బంకు దగ్గర ఆటోల వెనక వరసలో నిలబడే సమయానికి ఈ లెక్కలో చోటు లేదు. మూడేళ్లకోసారి సిలిండర్‌కు చేయించాల్సిన పరీక్ష ఖర్చూ వేరే.

సీఎన్‌జీలో ఈ రెండు బండ్ల మధ్య తేడా పెట్రోలులో కన్నా చాలా ఎక్కువ. వ్యాగన్ఆర్ డిక్కీలో 60 లీటర్ల సిలిండర్ ఒకటే నిండుగా కూర్చుంటుంది. సంక్రాంతికి విజయవాడ వైపు బయల్దేరిన కుటుంబం సూట్‌కేసులు ఒళ్లో పెట్టుకోవాల్సిందే. టాటా 2023లో టియాగోలోని అలాంటి సిలిండర్‌ను రెండు చిన్న సిలిండర్లుగా చేసి నేల కిందికి దించింది, పైన సామాను చోటు మిగిలింది. ఇంజినీరు వాడేవాడి ఇంటిని మనసులో పెట్టుకుని చేసిన పని అది. 2024 ఫిబ్రవరిలో సీఎన్‌జీకి క్లచ్ తొక్కనక్కర్లేని ఏఎంటీ గేర్‌బాక్స్ కూడా జత చేసింది. దేశంలో అదే మొదటిసారి. వ్యాగన్ఆర్‌లో ఏఎంటీ కావాలంటే పెట్రోలే కొనాలి. సిగ్నల్ సిగ్నల్‌కూ క్లచ్ తొక్కి ఎడమ మోకాలు అరగదీసుకునే వాళ్లకు ఇది చిన్న విషయం కాదు. పికప్‌లోనూ అంతే. గ్యాస్ మీద వ్యాగన్ఆర్ శక్తి 67 పీఎస్ నుంచి 57కి పడిపోతుంది. నలుగురు ఎక్కి పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు అది తెలిసిపోతుంది. టియాగో కూడా గ్యాస్ మీద తగ్గుతుంది గానీ 70 పీఎస్‌కు పైనే ఉంటుంది.

మూడో దారి టియాగో ఈవీ. వ్యాగన్ఆర్‌కు ఈ దారిలో జవాబు లేదు. 2022లో వచ్చిన ఈ బండి సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ, లైట్ల వంటివాటికి తప్ప కరెంటు ఖర్చు చేయదు. బ్రేకు వేసినప్పుడు కొంత వెనక్కి కూడా పోగేసుకుంటుంది. పెట్రోలు బండిని చంపే ట్రాఫిక్ దీనికి అనుకూలం. యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వచ్చినా, ఇంటి మీటర్ మీద పై స్లాబులో తొమ్మిదిన్నర రూపాయలు కట్టినా, కిలోమీటరుకు రూపాయిన్నర దాటదు. ధర ఎక్కువన్నది నిజమే. అయితే తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 వరకు ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మొత్తం ఎత్తేసింది. ఆరు లక్షల పెట్రోలు కారుకు 84 వేలు పన్ను, ఎనిమిది లక్షల ఎలక్ట్రిక్ కారుకు సున్నా. రెండు లక్షల తేడా ఖైరతాబాద్ ఆర్టీఏలో రిజిస్ట్రేషన్ అయ్యేసరికి లక్షా పదహారు వేలకు దిగుతుంది. కిలోమీటరుకు అయిదున్నర మిగిలితే 21 వేల కిలోమీటర్లకే అది తిరిగొస్తుంది. ఇన్సూరెన్స్ కాస్త ఎక్కువైనా, సీఎన్‌జీ కంటే ముందే.

ఇంత లెక్క ఈవీ వైపు మొగ్గినా ఈ పేటలో అందరికీ దాన్ని కొనమని చెప్పలేను. మైత్రీవనం చుట్టూ ఉన్న పాత అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్‌కో పార్కింగ్ లేదు, ఉన్నచోట ఒక కారు వెనక మరో కారు. సెల్లార్‌లో ప్లగ్ పాయింట్ ఉన్నా అది కామన్ మీటర్‌ది. రాత్రి బండి గోడ పక్కన రోడ్డు మీద నిలిచే ఇంటికి ఈవీ వద్దు. రోజుకు యాభై కిలోమీటర్లు తిరిగితే టియాగో సీఎన్‌జీ ఏఎంటీ, ఇరవై లోపైతే పెట్రోలే చాలు. ఆ ఇంట్లో పెద్దవాళ్లుంటే వ్యాగన్ఆర్ ఏఎంటీకి నేను అడ్డు చెప్పను, భద్రత గురించి పైన అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోను. సొంత పార్కింగ్ ఉన్నవాళ్లు షోరూమ్‌లో బుకింగ్ డబ్బు కట్టేముందు అసోసియేషన్‌తో మాట్లాడి, సొంత మీటర్ నుంచి కిందికి వైరు లాక్కోవడానికి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పన్ను మినహాయింపుకు గడువుంది కాబట్టి ఆ కాగితం త్వరగా చేతికి రావాలి.