అగడ్తా? కందకమా?

మొన్నామధ్య కాకతీయుల కాలం నాటి కథతో అల్లిన ఓ నవల చదువుతున్నాను. కథ మంచి పట్టులో ఉంది. ఓరుగల్లు మీదికి శత్రువు వస్తున్నాడు. రుద్రమదేవి సేనానిని పిలిచి "కందకం లోతు పెంచండి" అంది. అంతే, నాకు పంటికింద రాయి తగిలినట్టయింది.

ఎందుకంటారా? కందకం మనింట పుట్టిన మాట కాదు. ఫారసీలో తవ్వడాన్ని కందన్ అంటారు. దాంట్లోంచి పుట్టిన మాటనే అరబ్బులు ఖందక్ చేసుకున్నారు. 627లో మదీనాను కాపాడుకోవడానికి గొయ్యి తవ్వమని సలహా ఇచ్చింది సల్మాన్ అనే పారసీకుడని చెబుతారు. ఆ యుద్ధానికి ఖందక్ యుద్ధమనే పేరు. ఆ మాటే ఫారసీ, ఉర్దూల వెంట మన దగ్గరికొచ్చి, కొత్తకోడలు ఇంటిపేరు మార్చుకున్నట్టు చివర ఓ సున్నా తగిలించుకుని కందకం అయింది.

మన పాత మాట అగడ్త. తమిళుల అగళి, కన్నడిగుల అగళు దీనికి తోబుట్టువులు. తమిళంలో అగళ్ అంటే తవ్వడమే. సంస్కృతంలో పరిఖ అంటే చుట్టూ తవ్వింది. ఆ ఖన్ ధాతువు, ఫారసీ కందన్ ఒక తల్లి బిడ్డలే. చూశారా, ఏ భాషవాళ్లయినా ఆ గోతికి పేరు పెట్టేటప్పుడు కోటనీ రాజునీ తలుచుకోలేదు. పలుగూ పారనే తలుచుకున్నారు!

రుద్రమ మనవడు ప్రతాపరుద్రుడి కాలంలో, 1310లో, మాలిక్ కాఫుర్ సేన ఓరుగల్లు అగడ్తను మట్టితో పూడ్చింది. ఆ ముట్టడి గురించి అమీర్ ఖుస్రో ఫారసీలో రాశాడు. గొయ్యి ఒకటే. లోపలున్నవాళ్లకి అగడ్త, బయట నిలబడ్డవాళ్లకి ఖందక్. మరి రుద్రమ నోట గోతికి అవతలివాళ్ల మాట పలికిస్తే ఎలా?

ఈ సంగతే ఘాటుగా రాద్దామని కూర్చున్నానా, ఇంతలో మా కల్లూరులో మాకు పాలుపోసే ఆమె వచ్చింది. ఆమె పుట్టిల్లు అశ్వారావుపేట అవతల, అడవి అంచున. "మా అన్న పోడు పక్కన కందకం తవ్వారమ్మా. గొడ్లు దాటలేవు, మనుషులం మేమూ దాటలేం" అంది.

నేనూరుకోకుండా, "అగడ్త అంటే తెలుసా?" అన్నాను.

"అదే ఊరమ్మా?" అందావిడ.

నా ఘాటు సగం దిగిపోయింది. అడవిని కాపాడాలనే తవ్వి ఉంటారు, కాదనను. కానీ ఆ గోతికి ఏది లోపల, ఏది బయట? ఆమెకైతే పుట్టింటి చేను అవతల పడిపోయింది. ఆ దిగులు చెప్పుకోవడానికి ఆమెకున్న మాట కందకమే. పరాయి మాట కదా అని దాన్ని ఆమె నోట్లోంచి ఎలా లాక్కుంటాం?

అంచేత నా ఫిర్యాదును కాస్త కుదించుకుంటున్నాను. రచయిత తన మాటగా కథ చెప్పేటప్పుడు కందకం అని నిక్షేపంలా రాసుకోవచ్చు. అది మనదే. రుద్రమ మాట్లాడేటప్పుడు మాత్రం అగడ్త అనిపించాలి. అప్పుడే మనం కోటలో ఆవిడ పక్కన నిలబడతాం. రేపెవరైనా ఈ పాలామె కథ రాస్తూ, అచ్చతెలుగు మోజులో ఆమె చేత అగడ్త అనిపిస్తే మాత్రం ఊరుకోను. అదీ అంత తప్పే.